రోశమ్మ మట్టి

సోమవారం

మట్టికి వాసన పోయింది.

ఈ ముక్క రాయకుండా ఉందామనుకున్నాను. గుహకొక దినచర్య రాసిపెట్టాలని సంఘం నియమం. ఏడాది చివర వాళ్ళు చదువుతారో, చదివినట్టు తలూపుతారో నాకు తెలీదు. నేను మాత్రం ఉన్నదే రాస్తాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన గురవయ్య పెళ్ళైన నాటినుంచీ సాధిస్తూనే ఉన్నాడు.

పొద్దున్నే దీపాలు వెలగగానే మా అమ్మ సుబ్బాయమ్మ ఎప్పటిలా వంగమడి గట్టున కూర్చుని, చిటికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ళు తాగకపోయినా ఊరుకుంటుంది గానీ ఆ వాసన చూడకపోతే ఆవిడకు తెల్లారదు. చూసి పారేసి, ఇంకోచోట తీసి చూసింది. మూడోసారి తియ్యబోయి ఆగిపోయింది.

"పేరిందేవీ, నాకు జలుబు చేసినట్టుందే," అంది.

నేనూ తీసి చూశాను. కడిగిన కంచం వాసన చూసినట్టుంది.

"నాక్కూడా జలుబేనమ్మా," అన్నాను.

ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దీపాల పలకలు తుడిచాను. గోంగూర కోశాను. నీళ్ళు చల్లితే అవి ఇంకలేదు. మడిలోనే నిలబడిపోయాయి, పైనున్న దీపాలు వాటిలో కనిపిస్తున్నాయి. గాలి గొట్టాల జల్లెడలు దులిపి వచ్చిన గురవయ్య మమ్మల్ని చూసి, "ఏంది, అత్తాకోడళ్ళల్లే మూతులు ముడుచుకున్నారు తల్లీకూతుళ్ళు?" అన్నాడు.

"నీళ్ళెక్కువైనయ్ అల్లుడూ, అంతే," అంది మా అమ్మ.

అంతే కాదని ముగ్గురికీ తెలుసు.

మంగళవారం

వంగమడి జారుతోంది. పిడికిట్లో పడితే మట్టి నిలవడం లేదు. నానిన సబ్బులా వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. వంగమొక్కలు పైకి పచ్చగానే ఉన్నాయి. అదే మరీ భయం.

జారుడు తెగులు పేరు మా ఇంట్లో ఎవరూ అనరు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాలుగో గుహకు వచ్చింది. దాన్ని ఆపడానికి ఒకటే మందు. మనుషుల్ని గుహ దాటించి నడవలోకి తెచ్చి, లోపలి తలుపు బిగించి, బయటి తలుపు తెరిచేస్తారు. గుహలో గాలంతా ఆ ఎర్రటి బయలులోకి పోతుంది. చలికి మట్టి గడ్డకట్టి చచ్చిపోతుంది. ఆ రోజు నేను నాన్న భుజం మీద ఉన్నాను. లోపల అరటిచెట్లు ఒక్కసారిగా వంగడం గాజులోంచి చూశాను. ఆ ఇంటి మనవలు ఇవాళ్టికీ ఎవరో ఒకరి గుహలో, ఎవరో ఒకరి చాప మీద పడుకుంటున్నారు.

మా తాతమ్మ రోశమ్మ ఈ గుహలో దిగిన నాడు ఇక్కడ రాయి తప్ప ఇంకేమీ లేదు. భూమి నుంచి తెచ్చుకున్న గిన్నెడు మట్టి ఒక్కటే ఆవిడ ఆస్తి. రాతిని దంచి పొడి చేసి, ఆ మట్టిని అందులో తోడు వేసింది, పాలల్లో మజ్జిగచుక్క వేసినట్టు. తోడుకోవడానికి ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా సీసాల్లో గాలి కొలుచుకుని పీల్చారట. మట్టి తోడుకున్నాక మొక్క నిలిచింది, మొక్కతో గాలి వచ్చింది. ఆ పైన ఏ గుహ వాళ్ళు అడిగినా రోశమ్మ కాదనకుండా తోడు ఇచ్చింది. ఆవిడ కూతురు ఇచ్చింది. మా అమ్మ ఇచ్చింది. నేనూ ఇస్తున్నాను. మట్టి అడిగితే లేదనకూడదు, మట్టిని చెప్పులతో తొక్కకూడదు. ఈ రెండూ మాకు ఉగ్గుపాలతో నేర్పారు.

పైగా ఇక్కడ పోయినవాళ్ళను తగలెయ్యడానికి గాలి ఎక్కడిది? అందరూ ఈ మట్టిలోనే ఉన్నారు. తాతమ్మ, అమ్మమ్మ. మా నాన్న వంగమడి కింద ఉన్నాడు.

"సంఘానికి చెబుదాం," అన్నాడు గురవయ్య, అన్నం ముందు కూర్చుని.

"నోర్ముయ్ అల్లుడూ," అంది మా అమ్మ. ఆవిడ అతన్ని అంత మాట అనడం ఇదే మొదలు. "ఒక్క మడే గదా. గోడ కడదాం. ఈ పక్కది ఆ పక్కకు పోకుండా చూద్దాం. ఎవురికీ తెలవాల్సిన పన్లేదు."

"ఇల్లరికం వచ్చినోడి మాట ఈ కొంపలో ఎవురింటార్లే," అని అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను మా అమ్మ వైపే మాట్లాడాను. గుహ తలుపు తెరుస్తారనే ఊహే నాకు మింగుడు పడలేదు.

బుధవారం

గోడ కట్టాం. రాతిపలకలు నిలబెట్టి సందులు మూశాం. పొద్దుటినుంచి వంచిన నడుం ఎత్తలేదు. తీరా చూస్తే గోంగూర మడి కూడా జారుతోంది, దాని పక్కన తోటకూర మడి కూడా. అప్పుడు చూసుకున్నాను మా కాళ్ళకేసి. ముగ్గురివీ ఒట్టి కాళ్ళు. వంగమడి తొక్కిన కాళ్ళతోనే పొలమంతా తిరిగాం, మట్టి మీద భక్తితో. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అంతలో నడవలో గంట మోగింది. నడవంటే అన్ని గుహలనూ కలిపే దారి. మా అందరి పొలాల్లో మిగిలిన గాలి అందులోకి వస్తుంది. సంఘం వాళ్ళ గొంతు వినిపించింది.

"ఆరో గుహకు జారుడు తెగులు. రేపు తలుపు తెరుస్తున్నాం. ఆరో గుహతో మట్టి ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు ఉంటే వెంటనే చెప్పండి."

మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మనం ఇచ్చాం గానీ పుచ్చుకోలా," అంది. నిజమే. ఆరో గుహ హనుమాయమ్మక్క వాళ్ళ మట్టి నీరసంగా ఉందని వస్తే గిన్నెడు తోడు ఇచ్చాం. తెచ్చుకున్నది ఏమీ లేదు. ఆ మాటను పట్టుకుని పొద్దు గడిపాను. మరి మాకెలా వచ్చింది అని మాత్రం ఎవరం అనలేదు.

గురువారం

హనుమాయమ్మక్క వచ్చింది. ఆరో గుహ తలుపు అప్పటికే తెరిచేశారు. కళ్ళు రెండూ వాచిపోయి ఉన్నాయి. మా గుమ్మం బయటే కూలబడింది.

"లోపలికి రానులే పిన్నీ. నా కాళ్ళు మంచియి కాదు," అంది మా అమ్మతో. "మీకేం కాలేదు గదా? అదే నా బెంగ. ఆ గిన్నె ఇచ్చిన కాణ్ణించి..."

"ఏ గిన్నె?" అన్నాను.

"అదేనే, మీరు తోడిచ్చిన గిన్నె. తెచ్చిచ్చా గదా పెళ్ళి సందట్లో. ఖాళీ గిన్నె ఎట్టా ఇయ్యను పేరిందేవీ? మా ఇంటా వంటా ఉందా? నాలుగు కొత్తిమీర మొక్కలు ఏళ్ళతో సహా పెట్టిచ్చా. అప్పటికి నాకేం తెలవదమ్మా. మట్టికి కాస్త నీరసం అనుకున్నా అంతే."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వేళ్ళతో సహా అంటే మట్టితో సహా.

మా అమ్మ వైపు తిరిగాను. ఆవిడ గోడకు ఆనుకుంది. ఆ కొత్తిమీరను తనే నాటింది. ప్రేమగా ఇచ్చినదాన్ని కోసి కూరలో వేస్తే బాగుండదని, గుమ్మం పక్క మడిలో, తను రోజూ కూర్చునే వంగమొక్కల నీడన నాటింది.

తప్పు ఎవరిది అనాలి? గిన్నె ఖాళీగా ఇచ్చి ఉంటే మేమే ఆవిణ్ణి వారం రోజులు ఆడిపోసుకునేవాళ్ళం.

హనుమాయమ్మక్క వెళ్ళాక నాకు రెండో సంగతి తట్టింది. ఆ గిన్నె వచ్చింది పెళ్ళికి ముందు. పెళ్ళి మా మల్లేశ్వరిది. ఒక్కగానొక్క కూతురు. పదకొండో గుహ కొత్తగా తవ్విన గుహ. పిల్లాడు మంచివాడు, మట్టి లేదు. సారెలో రోశమ్మ మట్టి పెట్టి పంపాం, బిందె నిండా.

"అమ్మా, దానికిచ్చిన మట్టి ఏ మళ్ళోది?"

మా అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏ మళ్ళోదే అమ్మా!"

"మంచి వాసనొస్తాంటే..." అంది. "మీ నాన్న మీద మట్టి మనవరాలికి పోతే మంచిదని..."

శుక్రవారం

పొద్దున్నే ఫోను చేశాను. మామూలుగా మాట్లాడాలని గొంతు సర్దుకున్నాను. అటునుంచి మల్లేశ్వరి గలగలా నవ్వుతోంది.

"అమ్మా, మన మట్టి ఎంత బాగా తోడుకుందనుకున్నావ్! పెసలు మొలిచినయ్. మా అత్త అందరికీ చూపించుకుంటంది, ఇది రోశమ్మ మట్టి అని."

"వాసన ఎట్టా ఉంది తల్లీ?"

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నాకు కాస్త జలుబుగా ఉందిలే. మా అత్తకి కూడా."

"తలనొప్పి ఉందా?"

"అందరికీ ఉంది. కొత్త గుహ గదా, గాలి పడాలంటున్నారు. పొద్దున లేస్తే ఊపిరి బరువుగా ఉంటంది. అదే పోయిద్దిలే. ఎందుకమ్మా, అట్టా అడుగుతున్నావ్?"

కొత్త గుహకు నిల్వ గాలి లేదు. ఉన్న గాలంతా ఆ మట్టి ఇచ్చేదే. మాకైతే నాలుగు తరాల పచ్చదనం ఉంది, పడిపోవడానికి వ్యవధి పడుతుంది. వాళ్ళకు అంత వ్యవధి లేదు.

నా చేతిలోంచి మా అమ్మ ఫోను లాక్కుని దాని మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పమాకే. నీ కాళ్ళట్టుకుంటా. చెబితే దాని కాపరం ఏమయిద్ది? పుట్టింటి సారె మీద తెగులొచ్చిందంటే ఆ పిల్లని బతకనిస్తారా? ఇక్కడ తలుపు తెరిస్తే మీ నాన్న... మా అమ్మ... అందరూ ఆ చలికి గడ్డకట్టి పోతారే!"

"దానికి ఊపిరాడట్లేదమ్మా!"

"వాళ్ళకై వాళ్ళే తెలుసుకుంటార్లే!"

"తెలుసుకునేసరికి ఉంటారా?"

అంత గట్టిగా నేను మా అమ్మ మీద ఎప్పుడూ అరవలేదు. గురవయ్య వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఫోను తీసి నా చేతికిచ్చాడు. నేను చెప్పాను. మల్లేశ్వరికి చెప్పాను, ఆ తర్వాత సంఘానికి చెప్పాను. గిన్నె సంగతి, కొత్తిమీర సంగతి, సారె సంగతి, ఏదీ మిగల్చలేదు. చెప్పి గట్టెక్కుతాననుకున్నాను. భయం ఇంకా పెరిగింది.

శనివారం

సంఘం వాళ్ళు పొద్దున వచ్చారు. వచ్చిన ఇద్దరూ మా మట్టి తోడుకున్న గుహల వాళ్ళే. తల ఎత్తి మా మొహం చూడలేకపోయారు.

"ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ తేవద్దు. గిన్నె గాని, గింజ గాని, ఏమీ," అన్నారు. రాసుకునే ఈ పలకను మాత్రం మందునీళ్ళతో తుడిచి తేనిచ్చారు.

మా అమ్మ బయటికి రానంది. వంగమడిలో కూర్చుంది. "నన్ను కూడా దీంట్లోనే ఉంచి తెరవండయ్యా, నాకేం భయం లేదు," అంది. గురవయ్య బతిమాలాడు. సంఘం వాళ్ళు బతిమాలారు. నేను పక్కన చతికిలబడి, "మల్లేశ్వరి వాళ్ళని కూడా నడవలోకి తెచ్చారంట. అత్తగారి ముందు ఒక్కతే నిలబడి ఉందంట. దానికి నువ్వుంటే ధైర్యం," అన్నాను. మా అమ్మ మడిలో రెండు చేతులూ పెట్టి, వంగి, మొహం ఆనించింది. మేం అటు తిరిగి నిలబడ్డాం, చూడకూడదనిపించి.

ఆవిడ లేచి వచ్చాక లోపలి తలుపు బిగించారు. బయటి తలుపు మీట నన్నే నొక్కమన్నారు. ఇంటివాళ్ళే నొక్కాలని ఆచారం. నొక్కాను. ముందు ఆకులన్నీ ఒక్కసారి లేచాయి. తర్వాత మడుల మీద తెల్లగా పొర కట్టింది. శబ్దం లేదు. గాజుకు అటువైపు దీపాలు ఎప్పటిలా వెలుగుతూనే ఉన్నాయి.

ఆదివారం

మూడు గుహల జనం ఒక్క చోట చేరాం. ఆరోది, పదకొండోది, మాది. మూడు పొలాలు పోయాక నడవలో గాలి పలచబడింది. గోడ మీది గాలి ముల్లు పచ్చ దాటి పసుపులోకి వచ్చింది. అంతమందికి ఊపిరి ఇవ్వగల, తెగులు అనుమానం లేని గుహ తొమ్మిదోది ఒక్కటే. అది బసవపున్నయ్య మామది. ఎవరికీ ఇవ్వడు, ఎవరి దగ్గరా పుచ్చుకోడు. పిసినారి అని నవ్వుకునేవాళ్ళం. అందుకే ఆయన మట్టి శుభ్రంగా ఉంది. రమ్మన్నాడు. ఆయన తలుపు ముందు మందునీళ్ళ బానలు పెట్టారు. కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వెళ్ళాలి.

మల్లేశ్వరి నన్ను చూసి ఏడవలేదు. మొహం పాలిపోయింది. మాట మాటకీ ఆయాసపడుతోంది. దాని అత్త సీతారావమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. తిప్పుకోదా మరి. వరసలో ముందు పదకొండో గుహ వాళ్ళను నిలబెట్టారు, వాళ్ళకే ఎక్కువ నలతగా ఉందని. తర్వాత మేము.

మా అమ్మ నా ముందు నిలబడింది. ఆవిడ నడుం దగ్గర కొంగు ముడి దోపుకుని ఉంది. ముడి బరువుగా వేలాడుతోంది.

"ఏందమ్మా అది?"

"వక్కలే."

"ఈ లోకంలో వక్కలెక్కడియ్యే!"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "మీ నాన్నే," అంది మెల్లిగా. "పిడికెడే. ఏ మూలో పెట్టుకుంటా. ఎవురికీ తగలనీను."

పక్కకు చూపు తిప్పాను. హనుమాయమ్మక్క నడుం దగ్గరా ముడి ఉంది. వాళ్ళాయన చొక్కా జేబు ఉబ్బి ఉంది, పైన గుండీ పెట్టి ఉంది. ఆ వెనక ముసలామె జాకెట్టు మీద చెయ్యి తియ్యడం లేదు. వరస పొడుగునా చూశాను. ముళ్ళు, జేబులు, బిగించిన చేతులు. అందరికన్నా ముందు, తలుపు దగ్గర, నా కూతురు. కొంగు ముడి వేసి అరచేత్తో కప్పుకుంది. కాళ్ళు కడుక్కుంటోంది. బసవపున్నయ్య మామ తలుపు తెరుచుకుంటోంది.

"మామా! తలుపెయ్! మా దగ్గర మట్టుంది!"

నేనేనా అంత గొంతుతో అరిచింది! తలుపు ధడాలున మూసుకుంది. మల్లేశ్వరి ముఖం మీదే.

"నీ నోరు పడిపోను!" అంది ఎవరో. సీతారావమ్మ నా మీదకు వచ్చింది. "మా గుహ ముంచావ్, ఇప్పుడు మా ఊపిరి కూడా తీస్తావా వదినా?" అని నా రెక్క పట్టుకుని ఊపింది. ఆవిడ కొంగు కొసన కూడా ముడి ఉంది. అది మా మట్టే. సారె మట్టి. తెగులుదని తెలిసీ వదల్లేకపోయింది.

గోడలోంచి బసవపున్నయ్య మామ గొంతు వచ్చింది. వణుకుతోంది. "ముందు ఉన్నదంతా మందునీళ్ళల్లో పొయ్యండి. కడుక్కోండి. ఆ తర్వాత చూద్దాం."

ఎవరూ కదల్లేదు. ముల్లు పసుపు చివరకు వచ్చింది. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ ముడి వైపు చూస్తున్నారు. ముందు వాళ్ళు విప్పితే చూద్దామని. ఎవరి ముడిలో తల్లి ఉందో, ఎవరి ముడిలో బిడ్డ ఉందో, ఎవరిది వాళ్ళకే తెలుసు.

"అమ్మమ్మా," అంది మల్లేశ్వరి, గోడకు జారబడి. "ఊపిరాడట్లా."

మా అమ్మ దానికేసి చూసింది. బాన దగ్గరికి నడిచి ముడి విప్పింది. పళ్ళతో లాగాల్సి వచ్చింది, అంత గట్టిగా వేసుకుంది. "పోయి రావయ్యా," అని నీళ్ళల్లో వదిలింది. కొంగు మొత్తం ముంచి పిండింది. వెనకాలే హనుమాయమ్మక్క, వాళ్ళాయన, సీతారావమ్మ, ఒకరి తర్వాత ఒకరు వచ్చి వదిలారు. మల్లేశ్వరి కూడా పాక్కుంటూ వచ్చి ముడి విప్పింది. ఆ బాన చుట్టూ ఏడ్చినంత ఏడుపు నేను మా నాన్న పోయిన రోజు కూడా వినలేదు.

అందరం కడుక్కున్నాం. "అయిపోయింది మామా," అని పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. గురవయ్య తలుపు మీద కొడుతున్నాడు. ముల్లు ఎరుపు అంచున ఉంది. కూర్చుని ఇది రాస్తున్నాను. పని లేకపోతే భయానికి పిచ్చెక్కేలా ఉంది.

లోపల బసవపున్నయ్య మామ, వాళ్ళావిడ వాదులాడుకోవడం సన్నగా వినిపిస్తోంది. ఇంకెవరి దగ్గరైనా మిగిలి ఉందేమోనని ఆయన భయం. ఆయన్ని ఎలా తప్పుపట్టను? నాకూ అదే భయం. మల్లేశ్వరి నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ముడి విప్పేసింది, నేను చూశాను. కానీ కుడిచేతి గుప్పిలి ఇంకా మూసే ఉంది. తెరిచి చూపించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు.